నాన్న బైబిల్లో రెండు గీతలు: పునరుత్థానం మీద సందేహం వచ్చినవాళ్లు మాట్లాడండి

తెల్లారకముందు
అందరికీ వందనాలు. నాన్నగారు ప్రభువునందు నిద్రించి నాలుగు నెలలైంది. సమాధి దగ్గర పాస్టర్ గారు మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయం చదివారు. “ఓ మరణమా, నీ విజయమెక్కడ?” అన్న చోట అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు. కళ్లెదుట పెట్టె మీద మట్టి పడుతోంది. దాని విజయం ఎక్కడో ఏమిటి, ఇక్కడే కనబడుతోంది కదా అనిపించింది.

పోయిన వారం ఆయన బైబిల్ తెరిచాను. అదే అధ్యాయం, 14వ వచనం. క్రీస్తు చావునుంచి లేవకపోతే మా ప్రకటనా వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమే అని ఆ పత్రిక రాసిన పౌలు అంటాడే, అక్కడ “వ్యర్థమే” అన్న మాట కింద పెన్సిల్‌తో రెండు గీతలున్నాయి. ఎంత గట్టిగా గీశారంటే పేజీ తిప్పితే వెనక వేలికి తగులుతోంది. పక్కన ఒక్క ముక్క కూడా రాయలేదు. ఎన్నో ఏళ్లు సండే స్కూల్ చెప్పిన మనిషి. ఆ గీతలు ధైర్యంతో గీశారో, భయంతో గీశారో తెలియదు. అడుగుదామంటే ఆయన లేరు.

నా ప్రశ్న ఇది. యేసు ప్రేమించమన్నాడు, క్షమించమన్నాడు, శత్రువుకి కూడా మేలు చేయమన్నాడు. ఆ బోధ చాలు, లేచాడా లేదా అన్నది పక్కన పెట్టేద్దాం అని సరిపెట్టుకోవచ్చా? ఈ దశ దాటినవాళ్లు, దాటనివాళ్లు, ఇద్దరూ చెప్పండి.

ఆమడదూరం
సిస్టర్, మీరు అడిగిన పని నేను ఆరేళ్లు చేశాను. ఆరాధనకి వెళ్లేవాణ్ణి, పాటలు పాడేవాణ్ణి, ఈస్టర్ నాడు మాత్రం మనసులో “ఇది ఒక అందమైన పోలిక” అనుకునేవాణ్ణి. ఇలా ఆలోచించిన పెద్ద పండితులు కూడా ఉన్నారు. బుల్ట్‌మన్ అనే జర్మన్ వేదాంతి 1941లో ఇంచుమించు ఇదే మాట అన్నాడు. ఈ కాలం మనిషికి ఆ పాత లోకచిత్రం పనికిరాదు, అందులోని పిలుపుని మాత్రం అందుకోవాలని.

నాకది ఎక్కడ తెగిందో చెబుతాను. చావు దగ్గర కాదు. ఆస్తి విషయంలో మా అన్నయ్యకి ఒక అన్యాయం చేశాను. సరిదిద్దేలోపే ఆయన పోయాడు. అప్పుడు యేసు కొండమీది ప్రసంగం తెరిస్తే ప్రతి మాటా నా మీద తీర్పులా ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరునితో సమాధానపడమంటాడు. ఎవరితో పడాలి? బోధ ఎంత గొప్పదైతే అంత బరువైపోయింది. బోధించినవాడు కూడా చచ్చి మట్టిలో ఉంటే, నన్ను క్షమించడానికి ఇక ఎవరున్నారు?

అప్పుడు 17వ వచనం కొత్తగా కనబడింది. క్రీస్తు లేవకపోతే మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారు అంటాడు పౌలు. మనం ఆ అధ్యాయాన్ని సమాధుల దగ్గరే చదువుతాం కాబట్టి ఈ వచనం మీద చూపు పడదు. నాకైతే అన్నిటికంటే అదే ముఖ్యం.

రాతప్రతి
నేను వేరే దారిలో వచ్చాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇరవై మూడేళ్ల వయసులో ఇదంతా తర్వాతివాళ్లు అల్లిన కథ అని తేల్చుకుందామని చదవడం మొదలుపెట్టాను. యేసును సిలువ వేసింది క్రీ.శ. 30 లేదా 33 అంటారు. మొదటి కొరింథీ పత్రిక 55 ప్రాంతంలోది. అంటే పాతికేళ్లు కూడా కాలేదు. పైగా 15:3 దగ్గర పౌలు “నాకియ్యబడిన” ఉపదేశాన్నే మీకు అప్పగించాను అంటాడు. అంటే ఆ నాలుగు వాక్యాలు పత్రికకంటే పాతవి: చనిపోయాడు, సమాధి చేశారు, లేచాడు, కేఫాకు (అంటే పేతురుకు) కనబడ్డాడు. ఆ తర్వాత పన్నెండుగురు, ఐదువందల మందికి పైగా, యాకోబు. ఆ ఐదువందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాస్తాడు. గలతీ పత్రికలో యెరూషలేము వెళ్లి పేతురుతో 15 రోజులున్నానని, ప్రభువు సహోదరుడు యాకోబును చూశానని చెప్తాడు. ఆ పదిహేను రోజులూ వాళ్లేం మాట్లాడుకుని ఉంటారా అని ఇప్పటికీ ఊహిస్తుంటాను.

యాకోబు సంగతే నన్ను ఆపింది. యేసు బతికుండగా ఆయన తమ్ముళ్లు ఆయన్ని నమ్మలేదని యోహాను 7లో ఉంది. అలాంటి తమ్ముడు యెరూషలేము సంఘానికి స్తంభమయ్యాడు. ఆయన్ని 62లో రాళ్లతో కొట్టించిన సంగతి యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఇంట్లో కలిసి పెరిగిన అన్నని ప్రభువు అనడం చిన్న విషయం కాదు.

ఇంకోటి. ఆ కాలపు యూదుల్లో చాలామంది పునరుత్థానాన్ని నమ్మేవాళ్లు, కానీ అది లోకాంతంలో అందరికీ కలిపి జరిగేది. నడిమధ్యలో ఒక్కడు లేస్తాడని, అదీ సిలువ మీద చచ్చినవాడు మెస్సీయగా, అంటే వాళ్లు ఎదురుచూసిన రక్షకుడిగా, లేస్తాడని ఎవరూ ఎదురుచూడలేదు. వంద ఏళ్ల తర్వాత రోమ్ మీద తిరుగుబాటు నడిపిన బార్ కోఖ్‌బాను మెస్సీయ అనుకున్నారు, 135లో రోమీయులు చంపేశారు. ఆయన లేచాడని ఎవరూ అనలేదు. ఆశ అక్కడితో ముగిసింది.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతులు కూడా దాచను. మార్కు సువార్త పాత ప్రతులు సినాయిటికస్, వాటికనస్‌లలో 16:8తోనే ఆగిపోతుంది. సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు వణికి పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అంతే. సమాధి దగ్గరికి ఎందరు వెళ్లారు, ఎందరు దూతలు కనబడ్డారు అన్నదాంట్లో నాలుగు సువార్తలూ ఒకేలా చెప్పవు. లూడెమన్ లాంటి పండితులు ఇదంతా దుఃఖంలో కలిగిన దర్శనాలే అన్నారు. ఆ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నా మట్టుకు అది పేతురు విషయంలో కొంత కుదురుతుంది, సంఘాన్ని హింసిస్తున్న పౌలు విషయంలో కుదరదు. మరోవైపు పింకస్ లపీడే అనే యూదు పండితుడు, యేసును మెస్సీయ అని ఒప్పుకోకుండానే, దేవుడు ఆయన్ని నిజంగా లేపాడని రాశాడు. అది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

చరిత్ర నన్ను సమాధి గుమ్మం దాకా తీసుకొచ్చింది. లోపలికి వంగి చూడడం నేనే చేయాల్సి వచ్చింది.

గడపబయట
దాటనివాళ్లు కూడా చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నా. నేనిప్పుడు విశ్వాసిని కాదు. తొమ్మిదేళ్లయింది. బయటికి నడిపించింది కూడా మీరు చెబుతున్న ఆ 14వ వచనమే. లేచాడని నమ్మలేకపోయాను. నమ్మనప్పుడు పాటలు పాడుతూ కూర్చోవడం నిజాయితీ అనిపించలేదు. పౌలే మధ్య దారి లేకుండా చేశాడు, ఆ విషయంలో ఆయనంటే ఇప్పటికీ గౌరవమే.

నేను సందేహం బయటపెట్టినప్పుడు “ప్రార్థన తగ్గింది, అందుకే” అన్నారు. ఒక్కరు కూడా కూర్చుని ఏమిటి నీ ప్రశ్న అని అడగలేదు. అది ఇంకా నొప్పిగానే ఉంది. అక్కా, ఒక్క మాట. నాలుగు నెలల దుఃఖంలో నమ్ముతాననీ తేల్చుకోవద్దు, నమ్మననీ తేల్చుకోవద్దు.

రాత్రిడ్యూటీ
నేను ఐసీయూలో నర్సుని. వాదనలు నాకు రావు, చూసింది చెబుతాను.

ఎవరైనా పోయాక గొట్టాలన్నీ తీస్తాం. చెంప మీద ప్లాస్టర్ అంటించిన చోట చర్మం ఎర్రగా గీతలు పడి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లతో ఆ జిగురు తుడుస్తాను. ఇక నొప్పి తెలియదని తెలిసినా మెల్లగానే తుడుస్తాను. చేతులు అలా తప్ప చెయ్యవు. మొదట్లో “ఆత్మ వెళ్లిపోయింది, ఇది వట్టి గూడు” అని చెప్పుకునేదాన్ని. కుదిరేది కాదు. ఆ ముఖం ఎవరిదో ఒకరిది.

లేచిన యేసు శిష్యులకి చూపించింది చేతులూ కాళ్లూనే. కాల్చిన చేప ముక్క తిన్నాడు. గాయాలు మానిపోయి కనబడలేదు, వేలు పెట్టి చూడమన్నంతగా అలాగే ఉన్నాయి. సువార్త చెప్పేది శరీరం లేస్తుందని. నేను తుడిచిన ఆ చెంప దేవుడికి పారేసే వస్తువు కాదని. అది అబద్ధమైతే నా డ్యూటీ నేను మానను, కానీ అర్ధరాత్రి ఆ గదిలో ఒంటరినైపోతాను. ఇది రుజువు కాదని తెలుసు.

కావలివాడు
నేను సంఘ కాపరిని. ముందుగా గడపబయట గారికి: తమ్ముడూ, మిమ్మల్ని అడగాల్సిన మాట ఎవరూ అడగలేదు. మా తరం కాపరులం అలా చాలామందిని పోగొట్టుకున్నాం, క్షమించండి.

లేచిన యేసును చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు తోమాను “సందేహించినవాడు” అని ఒక్క ముద్ర వేసేశాం. యేసుతో కూడా చనిపోవడానికి మనమూ వెళ్దాం అని యోహాను 11లో అన్నది ఆ తోమాయే. స్త్రీలు వచ్చి చెబితే మిగతావాళ్లకూ అవి “వెఱ్ఱిమాటలు”గా తోచాయని లూకా రాశాడు. తోమా అడిగింది వాళ్లంతా అప్పటికే చూసిందే. గమనించండి, నమ్మను అని తెగేసి చెప్పాక ఎనిమిది దినాలు గడిచాయి. ఆ ఎనిమిది దినాల తర్వాత కూడా తోమా వాళ్లతోనే, ఆ గదిలోనే ఉన్నాడు. ఎవరూ వెళ్లగొట్టలేదు. ఆయనా వెళ్లిపోలేదు.

మత్తయి 28:17 నేను ఏళ్ల తరబడి గబగబా చదివేసిన వచనం. కొండ మీద, లేచిన ప్రభువు ఎదురుగా ఉండగా, మ్రొక్కారు “గాని, కొందరు సందేహించిరి.” ఆ తర్వాతి మాటల్లోనే ఆయన వాళ్లను సమస్త జనుల దగ్గరికి పంపాడు. సందేహించినవాళ్లను పక్కకి నిలబెట్టినట్టు ఎక్కడా లేదు.

గడపబయట
థాంక్స్ అండీ. ఆ ఎనిమిది రోజుల సంగతి నేనెప్పుడూ గమనించలేదు.

తెల్లారకముందు
అందరివీ రెండేసి సార్లు చదివాను. ఆమడదూరం అన్నయ్యా, 17వ వచనం దగ్గర ఆగిపోయాను. నాన్నతో చివరి నెలల్లో నేను విసుక్కున్న మాటలు కొన్ని ఉన్నాయి. బోధ చాలు అనుకుంటే అవి ఎక్కడికీ పోవు. అంత మాత్రం అర్థమైంది.

గీతల గురించి అమ్మని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. మా తమ్ముడు చిన్నప్పుడే పోయాడు. ఆ ఏడాది ఈస్టర్‌కి నాన్న సండే స్కూల్లో ఆ పాఠం చెప్పలేనని వేరేవాళ్లచేత చెప్పించారట. మరుసటి ఏడాది మళ్లీ తనే చెప్పారట. గీతలు ఏ ఏడాదివో అమ్మకీ తెలియదు.

నేనింకా ఆమెన్ అనలేదు. ఈ రాత్రి అమ్మ యోహాను 20 చదవమంది. మగ్దలేనే మరియ లేచిన యేసును తోటమాలి అనుకున్న దగ్గర ఆగమని, మళ్లీ మొదటి నుంచి చదివించుకుంది.