అప్‌డేట్: పాత డీజిల్ జీపు బ్రేకుల సమస్య తీరింది
మారేడుమిల్లి ఘాటు దిగేటప్పుడు నా 1996 జీపు పెడల్ రాయిలా గట్టిపడి, ఎంత తొక్కినా బండి సరిగా ఆగడం లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బూస్టర్‌ (వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ, సాయంతో కాలి ఒత్తిడిని పెంచే డబ్బా) వైపు చూడమన్నవారి మాటే నిజమైంది. ఇంజన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేశాను. పెడల్ కాస్త కిందికి దిగాలి. వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఈ డీజిల్ బండిలో వాక్యూమ్ ఆల్టర్నేటర్ వెనకున్న పంపు నుంచి వస్తుంది. అక్కడి నుంచి బూస్టర్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని మెకానిక్ వంచి చూపించాడు: క్లిప్పు కింద, పైకి కనిపించకుండా, సగం చుట్టూ పగులు! గొట్టం మార్చగానే పెడల్ దిగింది.

అంతకుముందే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు తోసే భాగం) మార్చడం దండగ ఖర్చు, నా తొందరపాటే. ఆయిల్‌లో గాలి కూడా కాదు; అదే అయితే పెడల్ మెత్తగా ఉండేది. నిన్న అదే ఘాటు దిగి వచ్చాను, రెండో గేరులోనే లెండి.