‘షాంగ్ ఖాంగ్’: మంచమెక్కమనడమా?

ప్రశ్న:
ఒక చైనీస్ కథను తెలుగు చేస్తున్నాను. చోటు చైనాలో షాన్‌షీ రాష్ట్రంలోని పింగ్యావ్ పాత ఊరు. 1370 నాటి ప్రాకారం లోపల స్నేహితుడి సొంతిల్లు, జనవరి చలి. అతిథి గడప దాటగానే ఇంటి పెద్దావిడ “షాంగ్ కాంగ్, షాంగ్ కాంగ్!” అంటుంది. ‘షాంగ్’ అంటే ఎక్కు అని కదా, ఇక్కడ “మంచమెక్కండి” అని రాయొచ్చా?

జవాబు:
వద్దండీ. మంచమెక్కాడంటే మనకు జబ్బు చేసిందనే అర్థం! పైగా ఈ ‘కాంగ్’కి కోళ్ళూ లేవు, నులకా లేదు. గోడ నుంచి గోడ దాకా ఇటుకతో కట్టిన తిన్నె అది. ఎత్తు 60 సెంటీమీటర్ల పైచిలుకు. ఒక కొసన పొయ్యి, రెండో కొసన పొగగొట్టం. వంట పొగ నేరుగా బయటికి పోదు, తిన్నె కడుపులోని దారుల గుండా తిరిగి ఇటుకల్ని వేడెక్కించి పోతుంది. పొయ్యి ఆరినా ఇటుక ఆ వేడిని తెల్లవారే దాకా పట్టి ఉంచుతుంది. పగలు పరుపులు చుట్టి మూలన పెట్టి, చాప మీద పొట్టి కాళ్ళ బల్ల వేసుకుని అక్కడే తింటారు, కుడతారు. కాబట్టి ఆ పిలుపు పడుకోమని కాదు. “పైకొచ్చి కూర్చో నాయనా, వెచ్చగా ఉంటుంది” చాలు.

ఇంకో మాట, ‘కాంగ్’ కాదు, ‘ఖాంగ్’. ఆ అక్షరం ఒత్తి పలికేదే.

మరో జవాబు:
‘అరుగు’ అనొచ్చు కదా?

జవాబు:
అరుగు మనకు వీధివైపు ఉండేది. అలా రాస్తే అతిథిని మంచులో కూర్చోబెట్టినట్టుంటుంది. మొదటిసారి ‘ఖాంగ్ అనే వెచ్చటి తిన్నె’ అని రాసి, ఆపైన ఉత్త ‘ఖాంగ్’ అనండి.

ప్రశ్న వేసినవారు:
అతిథికి ‘ఖాంగ్‌థౌ’ ఇచ్చారని ఉంది. ‘థౌ’ అంటే తల కదా, తలాపు అనేశాను.

జవాబు:
పొరపాటు అక్కడేనండీ. అందరూ పక్కపక్కనే పడుకుంటారు, తలలు మామూలుగా తిన్నె అంచు వైపు ఉంటాయి. ఖాంగ్‌థౌ అంటే పొయ్యి ఉన్న కొస, అన్నిటికన్నా వేడిచోటు. పెద్దలకూ అతిథులకూ ఇచ్చే మర్యాద అది. ‘పొయ్యివైపు చోటు’ అనండి. మంట మరీ ఎక్కువైతే చాప కమిలేదీ అక్కడే.

ఈ మాటతో రైతుల సామెత ఒకటుంది: ముప్పై ‘మూ’ల (మూ అంటే చైనా నేల కొలత) నేల, ఒక ఎద్దు, ఆలుబిడ్డలు, వేడి ఖాంగ్‌థౌ. ముప్పై ‘మూ’లంటే రెండు హెక్టార్లు, దగ్గరదగ్గర అయిదెకరాలు. చైనీస్‌లో ‘ఎద్దు’కీ ‘థౌ’కీ అంత్యప్రాస. అది పోకుండా:

అయిదెకరాల చేను, అరకకో ఎద్దు
ఆలూబిడ్డలు, వేడి తిన్నెన పొద్దు

మరో జవాబు:
‘పొద్దు’ బాగా కుదిరింది. కానీ ‘అరకకో’ అంటే జోడెడ్లకు అలవాటుపడ్డ మనవాళ్ళు తికమకపడతారు. ‘దున్నడానికో ఎద్దు’ అంటే నడక కాస్త కుంటినా అర్థం నిలుస్తుంది.

ప్రశ్న వేసినవారు:
చివరగా, ఆ ఇంటివాళ్ళు పది రోజులు ఊళ్ళో లేరట. పొయ్యి అంటించగానే ‘ఖాంగ్ పొగ వెనక్కి కక్కింది’ అని ఉంది. ఇది జాతీయమా?

జవాబు:
కాదు, జరిగేదే. గొట్టం చల్లబడి ఉంటే పొగను పైకి లాగదు, పొయ్యి నోట్లోంచే గదిలోకి తంతుంది. గొట్టం మొదట్లో గుప్పెడు గడ్డి మండిస్తే లాగడం మొదలవుతుంది. అప్పటికీ తగ్గకపోతే దారుల్లో మసి పేరుకుందన్నమాట, పైపలక ఎత్తి తీయాలి. ‘పొగ ఎదురుతన్నింది’ అని రాయండి. తర్వాతి వాక్యంలో వేడి పోకుండా గొట్టం మూత వేశారని ఉంటే, నిప్పులు పూర్తిగా ఆరాకే వేశారా అని మూలంలో చూసుకోండి. బొగ్గు కణకణలాడుతుండగా మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది. అప్పుడది వెచ్చటి రాత్రి సన్నివేశం కాదు.