అప్‌డేట్: పొద్దున్నే ఇంజన్లో టకటక – చివరికి కంపెనీ టెన్షనరే వేయించాను

పోయిన నెల అడిగాను కదా, పొద్దున్నే స్టార్ట్ చేయగానే నా 200 సీసీ బైకు ఇంజన్లో టకటకమని శబ్దం వస్తోంది, వారంటీలో కంపెనీ టైమింగ్ చైన్ టెన్షనర్ (ఇంజన్ లోపలి చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే పార్టు) వేయించుకోవాలా, సొంత డబ్బుతో బయట దొరికే, చేత్తో సరిచేసుకునే మాన్యువల్‌ది బిగించుకోవాలా అని. తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు పాతది విప్పించి చేత్తో పట్టుకుని చూడు" అన్నాయన సలహానే పనికొచ్చింది. మెకానిక్ దాని పిన్నును బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగిపోయింది. లోపలి పళ్లు పట్టుకుని అది వెనక్కి పోకుండా ఆగాలి. ఆ పళ్లే అరిగిపోయాయి. చైన్ మాత్రం బాగానే ఉంది.

కంపెనీ వేసిన కొత్తదాని మీద పార్ట్ నంబర్ చివరి అక్షరం వేరు. కంపెనీయే డిజైన్ సరిచేసిందట. ఇక అప్‌గ్రేడ్ దేనికి? పైగా మాన్యువల్‌ది వేస్తే రేపు చైన్ గైడ్ (చైన్ ఆనుకుని తిరిగే పట్టీ) పోయినా వారంటీకి వంక పెడతారని సర్వీస్ అడ్వైజర్ మొహం మీదే చెప్పాడు. ఆ మాన్యువల్‌దాన్ని మనమే అప్పుడప్పుడూ సరిచేసుకోవాలి, కాస్త ఎక్కువ బిగిస్తే చైనూ గైడూ అరుగుతాయి. నాకంత ఓపిక లేదు.

ఆయిల్ గ్రేడ్, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండే సన్నటి సందు), నా బైకులో వీటికీ ఈ శబ్దానికీ సంబంధమే లేదు. ఆయిల్‌కి పెట్టిన 900 దండగ.

1,100 కిలోమీటర్లు తిరిగాను, టకటక లేదు. పాత టెన్షనర్ అడిగితే ఇవ్వలేదు, వారంటీ పార్టు వెనక్కి పంపాలట.