పాత థింక్‌ప్యాడ్‌కి ఐ7 వేయించాలా, వద్దా?

ప్రశ్న (గుంటూరు)
మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. కొట్లో ఉన్నది థింక్‌ప్యాడ్ టీ430, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. ఐ5-3320ఎం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. పొద్దున ఆన్ చేసి టీ తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు. పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) కొడుతుంటే రైతు ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తుంటాడు. మధ్యాహ్నం దాటిందా, ఫ్యాన్ మోత తప్ప పని లేదు. రిపేరు షాపతను ఐ7 ప్రాసెసర్ వేస్తే కొత్తదానిలా పరిగెడుతుందంటూ 6,500 చెప్పాడు. మా షావుకారు గారు సరేనన్నారు. తేడా వస్తే మాట పడేది మాత్రం నేను.

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట)
అన్నా, డబ్బు ఇవ్వకు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పని నెమ్మదించినప్పుడు డిస్క్, మెమరీ, సీపీయూ (ప్రాసెసర్) ఎంతెంత శాతం చూపిస్తున్నాయో ఇక్కడ రాయి.

ప్రశ్న అడిగినవారు
పొద్దున డిస్క్ 100 దగ్గరే అంటుకుపోయింది. మెమరీ 88, సీపీయూ 30 దాటలేదు. మధ్యాహ్నం ఎక్సెల్‌లో పెద్ద షీటు లెక్క కడుతుంటే సీపీయూ కూడా 100. కానీ 2.6 గిగాహెర్ట్జ్ ఉండాల్సిన స్పీడు 1.2కి పడిపోయింది.

జవాబు (విజయవాడ, ఏలూరు రోడ్డు)
ఇదే మోడల్‌కి నేను ఐ7-3632క్యూఎం వేసుకున్నాను. వేయొచ్చు. ఇందులో ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుంటుంది, స్క్రూ తిప్పితే ఊడొస్తుంది. ఇంటెల్ ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్‌లలో బోర్డుకే సోల్డర్ చేసేశారు, వాటికి ఈ గొడవే లేదు. మీదానిలో రెండు కోర్లు, నాదానిలో నాలుగు, రెండూ తినే కరెంటు 35 వాట్లే. వీడియో ఎడిటింగ్‌లో తేడా బాగా తెలిసింది. విండోస్ తెరుచుకోవడం మాత్రం ఒక్క సెకను తగ్గలేదు, హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేశాకే తగ్గింది. మీ షాపతను ఐ7-3630క్యూఎం అంటే అసలు ఒప్పుకోకండి, అది 45 వాట్లు, వేడి ఇంకా ఎక్కువ. మీది ఇప్పటికే ఉడికిపోతోంది, స్పీడు పడిపోవడం అందుకే. ఇంతకీ యార్డులో ఉన్న మిషన్ కదా, ఫ్యాన్ ఎప్పుడైనా విప్పి చూశారా?

జవాబు (తెనాలి)
ఇంకో మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. ఆ ఐ7 కూడా మూడో తరమే. కొట్టు బ్యాంకు పనులు ఇందులోనే చేస్తుంటే షావుకారు గారి చెవిన వేయండి.

ప్రశ్న అడిగినవారు
ఆదివారం వేరే కుర్రాడి చేత విప్పించాను. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య మిర్చి దుమ్ము, గోనె పీచు కలిసి ఎర్రటి ఉన్నిగుడ్డలా గట్టిపడి ఉంది. బ్రష్ పెట్టగానే ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. ఆ కుర్రాడు మూతికి కర్చీఫ్ కట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ మార్చి, 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాను. మొత్తం 3,800. నిన్న మధ్యాహ్నం అదే షీటు తెరిస్తే స్పీడు 2.6 కంటే కిందికి పడలేదు. విండోస్ సంగతి కూడా చెప్పాను, సీజన్ అయ్యాక కొత్తది చూద్దామన్నారు. ఐ7 మాట ఆయన మర్చిపోయారు. ఇప్పుడు ప్రింటరు నెమ్మదిగా ఉందంటున్నారు.