అప్‌డేట్: గోలీలు మానలేదు, డాక్టర్‌కు చెప్పేశాను

రెండు నెలల కింద అడిగాను కదా, బైపోలార్ అనే మూడ్ జబ్బుకు లిథియం, రిస్పెరిడోన్ వాడుతున్నా, కోరిక చచ్చిపోయింది, అంగం గట్టిపడట్లేదు, గోలీలు మానేయాలా అని. "మానకు, ముందు డాక్టర్‌కు చెప్పు" అన్నవాళ్లకు థ్యాంక్స్.

హన్మకొండలో ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ దగ్గరికే వెళ్లా. నోరు పెగల్లేదు. నిద్ర, ఆకలి అన్నీ చెప్పి, చీటీ పట్టుకుని తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి చెప్పా. ఆయన నవ్వలేదు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నారంతే. షుగర్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్షలు రాశారు. ప్రొలాక్టిన్ బాగా ఎక్కువ వచ్చింది. అది పెరిగితే కోరిక తగ్గుతుందట, అంగం గట్టిపడటం కష్టమవుతుందట. దాన్ని అదుపులో పెట్టేది మెదడులోని డోపమైన్ అనే రసాయనం. రిస్పెరిడోన్ ఆ డోపమైన్ పనినే అడ్డుకుంటుందట. నేనేమో నాలోనే లోపమని ఏడాదిగా కుమిలిపోతున్నా.

రిస్పెరిడోన్ మెల్లమెల్లగా తగ్గిస్తూ అరిపిప్రజోల్ మొదలుపెట్టారు. లిథియం అట్లనే ఉంది, రక్తంలో లెవెల్ 0.7, సరిపోయింది. కొత్త గోలీతో మొదటి వారం కాళ్లు ఒకచోట నిలవలేదు. సాయంత్రం కాగానే భద్రకాళి చెరువు బండ్ మీద అటూ ఇటూ తిరుగుడే. ఫోన్ చేస్తే డోసు తగ్గించారు, సర్దుకుంది.

మునుపటిలా పూర్తిగా కాలేదు, సగం వరకు వచ్చింది. మెడికల్ షాపులో 'పవర్ గోలీ' కొనుక్కోమన్న మా బావ మాట మాత్రం వినలేదు.

మా ఆవిడకు రిపోర్టు చూపించా. అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "నా మీద ఇష్టం పోయిందనుకున్నా" అంది.