అప్‌డేట్: కొత్త ట్యాంకులో తెల్లమచ్చలు లేవు

ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చలు వచ్చాయి, కొత్త ట్యాంకుకు మారుస్తున్నాను, రోగం వెంట రాకుండా ఏం చేయాలని నాలుగు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందుగా పశువైద్యుడు మొప్పల నుంచి తీసిన నమూనాను మైక్రోస్కోపులో చూసి, ఇది తెల్లమచ్చలు తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి అని, వెల్వెట్ అనే మరో పరాన్నజీవి రోగం కాదని తేల్చారు. ఆ పరీక్ష తప్పక చేయించండి, ఎందుకంటే నేను పాటించిన పద్ధతి వెల్వెట్‌కు పనిచేయదు.

72 గంటలకొకసారి చేపలను శుభ్రంగా ఆరబెట్టిన తొట్టెలోకి, కొత్త నీటిలోకి మార్చాను. అలా నాలుగుసార్లు. చేప నుంచి రాలిన పరాన్నజీవి పాత తొట్టె అడుగునే గూడు కట్టుకుంటుంది, అది పగిలేలోపు చేప అక్కడ ఉండదు. రెండో మార్పు నాటికి కూడా పసుపు టాంగ్ అనే చేప తోక మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు రెండు మిగిలాయి, గొట్టానికి ఒళ్లు రుద్దుకుంటూనే ఉంది. నాలుగో మార్పుకు ఒళ్లు నున్నగా అయింది. ఫిల్టర్ లేని తొట్టెలో అమ్మోనియా త్వరగా పెరుగుతుంది, రోజూ కొలవాలి.

రాళ్లు, పగడాలు నేరుగా కొత్త ట్యాంకులోకి వెళ్లాయి. వాటి మీద పరాన్నజీవి ఉన్నా చేప దొరకక చచ్చిపోవాలని, అందులో 76 రోజులు ఒక్క చేపనూ వేయలేదు. అన్నిటికంటే కష్టమైనది ఈ నిరీక్షణే, కానీ దీన్ని తగ్గించకండి.

వెల్లుల్లి కలిపిన మేత వల్ల ఏ మార్పూ రాలేదు. పగడాలకు, రొయ్యలకు ప్రాణాంతకమైన రాగి మందు అవసరమే రాలేదు. చేపలు కొత్త ట్యాంకులోకి చేరి ఐదు వారాలైంది, ఒక్క చుక్క కూడా కనిపించలేదు.