"స్వదత్తా ద్విగుణం": దకారం ఒకటా, రెండా?

డెన్వర్ లైబ్రరీ:
అందరికీ నమస్కారం. శాసనాల చివర వచ్చే ఒక శ్లోకం సగమే గుర్తొచ్చి కొన్నాళ్లుగా సతాయిస్తోంది. "...ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం". తాను ఇచ్చినదానికంటే ఇంకొకరు ఇచ్చినదాన్ని కాపాడటం రెట్టింపు పుణ్యం అని కదా అర్థం. మొదటి మాట స్వదత్తా అనా, స్వదత్తాద్‌ అనా? రెండో పంక్తి ఎవరికైనా వచ్చా?

ఎందుకు అడుగుతున్నానంటే, నేను కొలరాడోలో లా లైబ్రరీలో పని చేస్తాను. ఇక్కడి తెలుగు లా స్టూడెంట్లకి యుఎల్మా గురించి క్లాసు చెప్పాలి. యూనిఫార్మ్ ఎలక్ట్రానిక్ లీగల్ మెటీరియల్ యాక్ట్. 2011లో యూనిఫార్మ్ లా కమిషన్ ఆమోదించిన నమూనా ఇది, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకోవాలి. 2012లో అందరికంటే ముందు చేసింది మా కొలరాడో. అదే ఏడు కాలిఫోర్నియా చేసింది గానీ అక్కడ అమలు 2015 జూలై 1 నుంచి. ఇప్పుడు 20కి పైగా రాష్ట్రాల్లో ఉంది. రాష్ట్ర రాజ్యాంగం, చట్టాలు, కోడ్, చట్టంతో సమానమైన నియమాలు, వీటి ఎలక్ట్రానిక్ ప్రతిని అధికారికం అన్నాక ప్రచురించినవాడి మీద మూడు బాధ్యతలు పడతాయి. ఆ ప్రతిలో మార్పు జరగలేదని చదివేవాడు సరిచూసుకునే దారి చూపాలి, దాన్ని భద్రపరచాలి, జనానికి శాశ్వతంగా అందుబాటులో ఉంచాలి. రెండో బాధ్యత చెప్పేటప్పుడు ఈ శ్లోకం చెబుదామని.

ఎస్టాంపేజి:
అక్కా, పూర్తి పాఠం ఇదిగో.
స్వదత్తా ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం
పరదత్తాపహారేణ స్వదత్తం నిష్ఫలం భవేత్
రాళ్ల మీద నేను చూసినవాటిలో ఎక్కువ "స్వదత్తా ద్విగుణం" అనే ఉంటాయి.

తెనాలి పంతులు:
రాయి మీద ఎలా ఉన్నా అది స్వదత్తాద్ద్విగుణం. "కంటె" అనే అర్థం రావాలంటే పంచమీ విభక్తి కావాలి. స్వదత్తాత్ + ద్విగుణం, జశ్త్వ సంధి, అంటే త్ కాస్తా ద్ అవుతుంది. దకారం తీసేస్తే ఆ శ్లోకంలో పోలికే లేదు. పక్కనే వచ్చే ఇంకో శ్లోకం చూడండి: "దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనం". అక్కడ దానాత్ స్పష్టంగా ఉంది. రెండూ ఒకే మాట చెబుతున్నాయి, ఒకే విభక్తితో.

ఎస్టాంపేజి:
మాస్టారూ, వ్యాకరణం మీదే. నా మాట వేరు. చెక్కేవాడికి "త్తా" పక్కన "ద్ద్వి" అంటే ఒక అక్షరం కింద రెండు ఒత్తులు. దీర్ఘం తరవాత ద్వి అన్నా ద్ద్వి అన్నా చెవికి దాదాపు ఒకటే. ఛందస్సు కూడా తేల్చదు. అనుష్టుప్పులో మూడో అక్షరం "త్తా" ఎలాగూ గురువే, దకారం ఒకటున్నా రెండున్నా గణం మారదు. అందుకే ఎవడూ దిద్దలేదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం" అనే శ్లోకం దాదాపు ప్రతి దాన శాసనంలో దీని పక్కనే ఉంటుంది. అక్కడ స్వదత్తా అనేది భూమికి విశేషణం, స్త్రీలింగం. రాసేవాడి చెయ్యి ఆ రూపానికి అలవాటు పడిపోయింది.

తెనాలి పంతులు:
స్త్రీలింగమైతే పంచమి స్వదత్తాయాః కావాలి, అది ఛందస్సులో ఇమడదు. పైగా రెండో పంక్తిలో "స్వదత్తం నిష్ఫలం" అని నపుంసకం. ఒకే శ్లోకంలో లింగం మారుస్తాడా?

ఎస్టాంపేజి:
శ్లోకం చెప్పినవాడు మార్చాడని నేను అనలేదండీ. చెక్కినవాడి గురించి చెప్పాను.

కృష్ణలంక:
దకారం సంగతి మీరిద్దరూ తేల్చుకోండి గానీ, పాలనం అంటే ఇక్కడ ఏమిటి? దాన్ని కాపాడటమా, దానికి కట్టుబడటమా? రాగిరేకు మాత్రం భద్రంగా ఉండి, కొత్త రాజు ఆ భూమిని ఇంకొకడికి ఇచ్చేస్తే దాన్ని అనుపాలనం అనగలమా? నా లెక్కలో ఈ శ్లోకం పత్రాన్ని దాచమని చెప్పడం లేదు, దాన ధర్మాన్ని నిలబెట్టమని చెబుతోంది. లైబ్రరీ అక్క దీన్ని పత్రాల భద్రతకి వాడితే అర్థం కొంచెం జరిగినట్టే.

డెన్వర్ లైబ్రరీ:
కృష్ణలంక గారూ, మీ ప్రశ్న చాలా బాగుంది, ఎందుకంటే యుఎల్మాలో కూడా ఆ రెండూ విడివిడిగానే ఉన్నాయి. సరిచూసిన ప్రతి అయితే అది అసలుకి సరైన నకలే అని కోర్టు ముందుగానే అనుకుంటుంది. కాదనేవాడే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. ఇలాంటి చట్టమే ఉన్న ఇంకో రాష్ట్రం ప్రతికీ అదే మర్యాద. ఇది మీరన్న "కట్టుబడటం". ఇక భద్రపరచడం అంటే ఫైలు దాచడంతో అయిపోదు. బ్యాకప్ ఉండాలి, ప్రమాదం జరిగితే తిరిగి తెచ్చుకునే ఏర్పాటు ఉండాలి, ఎన్నేళ్ల తరవాతైనా ఆ ఫైలు తెరుచుకుని చదవడానికి వీలుగా ఉండాలి.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, 2007లో అమెరికా లా లైబ్రేరియన్ల సంఘం రాష్ట్రాల వారీగా పరిశీలిస్తే, వెబ్‌సైటు ప్రతినే అధికారికం అని ప్రకటించిన రాష్ట్రాలు చాలానే తేలాయి. అందులో మార్పు జరగలేదని చూపించే ఏర్పాటు మాత్రం ఒక్కచోటా లేదు. కొన్నిచోట్ల ప్రింటు పుస్తకం ఆపేశారు, దాని బదులు పెట్టినదాన్ని నమ్మడానికి ఆధారం పెట్టలేదు. బైండు పుస్తకం వంద లైబ్రరీల్లో ఉంటుంది కాబట్టి ఒకచోట ఎవరైనా పేజీ మార్చినా మిగతాచోట్ల పట్టుబడుతుంది. సర్వర్లో ఉన్నది ఒక్కటే.

బొబ్బిలి:
యాజ్ఞవల్క్య స్మృతి ఎవరూ ఎత్తలేదేమిటి? ఆచారాధ్యాయంలో రాజు దానం ఇచ్చినప్పుడు పత్రం ఎలా రాయించాలో ఉంది. "పటే వా తామ్రపట్టే వా స్వముద్రోపరిచిహ్నితం". గుడ్డ మీదైనా రాగిరేకు మీదైనా సరే, రాజముద్ర మాత్రం ఉండాలి. తరవాత "స్వహస్తకాలసంపన్నం శాసనం కారయేత్ స్థిరం". సొంత సంతకం, తేదీ. ఎవరి కోసం? "ఆగామిభద్రనృపతిపరిజ్ఞానాయ". రాబోయే మంచి రాజులకి తెలియడం కోసం. కృష్ణలంక గారూ, పత్రం వేరు ధర్మం వేరు అని ఆ స్మృతికర్త అనుకోలేదు. తరవాతివాడికి తెలియకపోతే నిలబెట్టేదేమిటి?

ఇక దొంగ పత్రం సంగతి మనువు చెప్పాడు. కూటశాసనం చేసినవాడికి మరణదండన.

డెన్వర్ లైబ్రరీ:
గుడ్డయినా రాగి అయినా! యుఎల్మాలో సరిగ్గా ఇదే ఉంది. ఫలానా టెక్నాలజీ వాడాలని చట్టం ఎక్కడా చెప్పదు. పని జరగాలి, సాధనం మీ ఇష్టం అంటుంది. బొబ్బిలి గారికి చాలా థ్యాంక్స్, ఇది నా క్లాసులోకి వచ్చేస్తోంది.

ఎస్టాంపేజి:
ముద్ర అన్నారు కాబట్టి చెబుతున్నా. తూర్పు చాళుక్యుల రాగిరేకులకి రంధ్రం పెట్టి కడియం గుచ్చి, కడియం కొసలు కలిసేచోట ముద్ర బిగించేవారు. వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, మధ్యలో "శ్రీ త్రిభువనాంకుశ". కడియం కొయ్యకుండా మధ్యలో ఇంకో రేకు దూర్చడానికి లేదు. కోస్తే తెలిసిపోతుంది. పత్రాన్నీ ముద్రనీ విడదీయలేకపోవడమే అందులో కిటుకు.

మియాపూర్ కోడర్:
డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్ చేసే పనీ అదేనండీ. మొత్తం ఫైలు నుంచి ఒక హాష్ విలువ తీస్తారు. ఒక్క అక్షరం మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. మన దగ్గర 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు కోర్టుకి ఇచ్చే సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో కూడా హాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో రాయాలి.

అయితే కడియానికీ దీనికీ ఒక తేడా ఉంది. ఎస్‌హెచ్‌ఏ-1 అనే హాష్ పద్ధతిని చాలా ఏళ్లు నమ్మారు. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు కలిసి రెండు వేర్వేరు పీడీఎఫ్‌లకి ఒకే హాష్ తెప్పించి చూపించారు. అంటే ముద్ర పాతబడుతుంది. ఈ రోజు వేసిన సంతకాన్ని నలభై ఏళ్ల తరవాత సరిచూడాలంటే మధ్యలో ఎవరో ఒకరు దాన్ని చూసుకుంటూ, కొత్త ముద్ర వేస్తూ ఉండాలి. ఇచ్చినవాడికంటే కాపాడినవాడి పని ఎక్కువ అని మీ శ్లోకం అనేది నాకు ఇక్కడే నిజం అనిపిస్తుంది.

తెనాలి పంతులు:
శాసనం, ముద్ర అనుకుంటూ శ్రీనాథుణ్ణి తలుచుకోకపోతే ఎలా? గుంటూరు జిల్లా ఫిరంగిపురం శాసనం, 1409. కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబిక తవ్వించిన సంతానసాగరం చెరువుకి సంబంధించింది. రచన శ్రీనాథుడిది. చివర,
విద్యాధికారీ శ్రీనాథో వీరశ్రీవేమభూపతేః
అకరోదాకరో వాచాం నిర్మలం ధర్మశాసనం
"అకరోత్ ఆకరో". చేశాడు అన్న మాటా, మాటల గని అన్న మాటా ఒకదాని ఒడిలో ఒకటి. శాసనం కింద సంతకం పెడుతూ కూడా ఆయన కవే. ఆ "అకరోదాకరో" ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కృష్ణలంక:
విద్యాధికారి అంటే చదువుల శాఖ చూసేవాడా, దాన పత్రాల పాఠం సరిచూసేవాడా? నా ఉద్దేశంలో రెండోది. అలాంటి పని కాకపోతే ఆ హోదాని శాసనంలోనే చెప్పుకోవాల్సిన అవసరం ఏముంది?

తెనాలి పంతులు:
పండితుల్ని పరీక్షించి సత్కారాలు నిర్ణయించే ఉద్యోగమని పెద్దలు చెబుతారు. మీరన్నదానికి ఆధారం చూపించండి.

బొబ్బిలి:
ఒకటి గమనించారా? అదే శ్రీనాథుడి చాటువులు ఎవరి నోట్లో ఎలా ఉంటే అలా మారిపోయాయి. "బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి" అని మా ఇంట్లో శకటరేఫతో, అంటే బండి ఱతో చెప్పేవారు. గొడ్డేరి అని మామూలు రేఫతో అచ్చయినదీ చూశాను. టంకాలు ఏడు నూర్లు కట్టలేక ఆయన పడ్డ బాధ అందరికీ తెలుసు, ఆ పద్యంలో ఆయన ఏ అక్షరం పలికాడో ఎవరికీ తెలీదు. ఫిరంగిపురం శ్లోకంలో ఆ గొడవే లేదు. రాయి ఉంది, వెళ్లి చూసుకోవచ్చు.

తెనాలి పంతులు:
గొడ్డేఱి, శకటరేఫే. ఏఱుకొను ధాతువు...

ఎస్టాంపేజి:
మాస్టారూ, ఏరుకొనులో మామూలు రేఫే అని నేను చదువుకున్నాను. దానికి వేరే చర్చ పెడదాం, ఇది పెద్దదైపోతుంది.

డెన్వర్ లైబ్రరీ:
శ్రీనాథుడి దగ్గరకి వెళ్లాక వెనక్కి రావడం కష్టమే, అయినా నా స్లయిడులో ఏది రాయను? ద్వినా, ద్ద్వినా?

తెనాలి పంతులు:
సందేహమే లేదు. స్వదత్తాద్ద్విగుణం. పిల్లలకి తప్పు నేర్పకండి.

మియాపూర్ కోడర్:
నాకు సంస్కృతం రాదు గానీ ఒక మాట అడగనా. ఫలానా శాసనంలోది అని పేరు పెట్టి చూపిస్తే మాత్రం అక్కడ ఉన్నట్టే రాయాలి కదా. దకారం చేరిస్తే అర్థం బాగుపడుతుంది, హాష్ మాత్రం కలవదు.

డెన్వర్ లైబ్రరీ:
చట్టాల విషయంలో మేము చేసేది అదే. అధికారిక ప్రతిలో అచ్చుతప్పు కనిపించినా మా చేత్తో దిద్దం. అచ్చుతప్పుతో సహా ఆ ప్రతే చట్టం, సవరణ అధికారికంగా వేరే రావాలి.

తెనాలి పంతులు:
చట్టానికి అది సరే. శ్లోకం ఏ ఒక్క రాయిదీ కాదు. వందల శాసనాల్లో ఉన్నదానికి అసలు ప్రతి ఏది? చెక్కినవాడి పొరపాటుని పాఠం అని ఎలా ఒప్పుకుంటాం?

ఎస్టాంపేజి:
వందల రాళ్ల మీద అదే రూపం ఉంటే దాన్ని పొరపాటు అని ఎన్నాళ్లు అంటామండీ? అక్కా, ఏ శాసనం నుంచి తీసుకుంటారో చెప్పండి. దాని అచ్చు ప్రతి కాకుండా కాగితం ముద్ర, అంటే రాయి మీద తడి కాగితం అద్ది సిరాతో తీసిన నకలు, దాని ఫోటో దొరికితే పెడతాను. అచ్చు వేసినవారు కూడా అక్కడక్కడా దకారం తామే చేర్చి ఉండొచ్చు.

తెనాలి పంతులు:
ఫోటో పెట్టండి, "ద్వి" కింద రాయి పెచ్చు ఊడిందో లేదో కూడా చూద్దాం. ఆ లోపు ఏఱుకొను మీద కొత్త చర్చ నేను మొదలుపెడుతున్నాను.